ఫోను దీపము వెలుగనిచో ఏమి చేయవలెను?

నేడు మన పల్లెలలో చేతి ఫోను మాటలాడుటకు మాత్రమే ఉపయోగపడు వస్తువు కాదు. పైరునకు తెగులు సోకినప్పుడు ఆకును ఫొటో తీసి వ్యవసాయాధికారికి పంపుటకును, పట్టాదారు పాసుపుస్తకము నకలు దగ్గర ఉంచుకొనుటకును, ప్రభుత్వ గృహనిర్మాణ పథకము క్రింద కట్టుకొనుచున్న ఇంటి పునాదిని, గోడలను, కప్పును దశలవారీగా చూపుటకును ఫోనులోని కెమెరాయే సాధనమైనది. ఈ కెమెరా ప్రక్కన కందిగింజంత దీపమొకటి కలదు. దీనినే ఫ్లాష్ అందురు. ఫొటో తీయునపుడు క్షణకాలము మెరయునదియు, టార్చి గుర్తును తాకినప్పుడు నిలుకడగా వెలుగునదియు ఈ ఒక్క దీపమే.

కావున ఈ దీపము పనిచేయకుండుటను ఫొటోకు మాత్రమే సంబంధించిన చిన్న లోపముగా తలచరాదు. చీకటిలో పొలమునకు పోవు రైతు, పశువుల కొట్టములోనికి పోవు గృహిణి, వీధిదీపము లేని దారిన నడచు విద్యార్థి దీని వెలుగునే నమ్ముకొనుచున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి మన ప్రాంతమున తిరుగు విషసర్పములు. వీనిలో కట్లపాము ముఖ్యముగా రాత్రివేళనే సంచరించును. అట్టి దారిలో అడుగు వేయు చోటు కనబడుట ప్రాణావసరము. దీపము ఎందుచేత ఆగిపోవునో తెలిసికొన్నచో, చాలవరకు లోపమును ఇంటివద్దనే సవరించుకొనవచ్చును.

దీపము పనిచేయు విధము

పూర్వము ఛాయాగ్రాహకులు మెగ్నీషియము పొడిని మండించి వెలుగు కల్పించుకొనెడివారు. పిమ్మట గాజు గొట్టములో జినాన్ వాయువును నింపి, దాని గుండ విద్యుత్తును ప్రసరింపజేయు ఫ్లాషులు వచ్చినవి. ఫోనులోని దీపము వీనికి భిన్నమైనది. ఇది ఎల్.ఇ.డి. అనబడు చిన్న బిళ్ల. ఇది స్వయముగా నీలికాంతిని ఇచ్చును. దానిపై పసుపురంగు పూత ఉండును. నీలికాంతియు, పూతనుండి వచ్చు పసుపుకాంతియు కలిసి మన కంటికి తెల్లగా కనబడును. వెలుగనప్పుడు ఆ దీపము పసుపుపచ్చగా కనబడుటకు కారణమిదియే. అది మరక గాని, లోపము గాని కాదు. నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

ఫొటో తీయునపుడు ఈ దీపము రెండుమార్లు మెరయుట కద్దు. మొదటి మెరుపుతో ఫోను ఎదుటి వస్తువు దూరమును, వెలుతురును అంచనా వేసికొనును. రెండవ మెరుపుతో బొమ్మ తీయును. మొదటి మెరుపు కాగానే పని ముగిసినదని తలచి చేయి కదిపినచో బొమ్మ చెదరిపోవును. ఇది దీపము తప్పు కాదు. రెండవ మెరుపు ముగియువరకు చేయి నిలకడగా ఉంచవలెను.

మొదటి పరీక్ష

దీపము వెలుగలేదని తోచిన వెంటనే దుకాణమునకు పరుగెత్తనక్కరలేదు. ఫోను తెరను పైనుండి క్రిందికి జరిపినచో టార్చి గుర్తు కనబడును. దానిని తాకి చూడవలెను. టార్చి వెలిగినచో దీపము, దానికి విద్యుత్తు నందించు తీగ బాగుగనే ఉన్నవని నిశ్చయింపవచ్చును. అప్పుడు లోపము కెమెరా అమరికలలో ఉన్నది. టార్చి కూడ వెలుగనిచో బ్యాటరీయందో, వేడియందో, మరియొక యాప్‌నందో, లేక దీపమునందో లోపమున్నదని గ్రహింపవలెను. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన చోటు సగమునకు తగ్గును.

టార్చి వెలిగి, ఫొటోలో వెలుగనిచో

కెమెరా తెరిచినపుడు తెరపై మెరుపు ఆకారముగల గుర్తు ఉండును. దానిపై అడ్డగీత ఉన్నచో ఫ్లాష్ ఆపివేయబడినదని అర్థము. ఆంగ్ల అక్షరము ‘ఎ’ ఉన్నచో, వెలుతురు చాలదని ఫోనునకు తోచినప్పుడు మాత్రమే వెలుగును. గీత గాని, అక్షరము గాని లేనిచో ప్రతి ఫొటోకును వెలుగును. పిల్లలు ఫోనుతో ఆడుకొన్న పిమ్మట ఈ గుర్తు మారియుండుట సర్వసాధారణము.

ఫ్లాష్ ‘ఎ’ గుర్తుపై ఉండగా, ప్రక్కన ట్యూబులైటు ఉన్నచో వెలుగు చాలునని తలచి ఫోను ఫ్లాషును మెరయింపకపోవచ్చును. రాత్రి ఫొటోలకై ఏర్పరచిన నైట్ మోడ్ నందును, వరుసగా అనేక ఫొటోలు తీయునపుడును పెక్కు ఫోనులలో ఫ్లాష్ తనంతట తానే ఆగిపోవును. తన ముఖమును తాను తీసికొను ముందు కెమెరాకు చాల ఫోనులలో ప్రత్యేక దీపముండదు. తెరయే తెల్లగా వెలిగి ఆ పని చేయును. ఈ సందర్భములలో మరమ్మతు అనవసరము. అమరికను మార్చుకొనిన చాలును.

టార్చియు వెలుగనిచో

మొదట బ్యాటరీని చూడవలెను. ఫ్లాష్ మెరయునపుడు ఒక్కుమ్మడిగా అధిక విద్యుత్తు అవసరమగును. బ్యాటరీ అడుగంటియున్నప్పుడు ఆ భారము మీద పడినచో ఫోను పూర్తిగా ఆగిపోవు ప్రమాదము కలదు. అందువలన నిల్వ మిక్కిలి తగ్గినపుడు అనేక ఫోనులు ఫ్లాషును వెలుగనీయవు. సగమువరకైనను చార్జింగు చేసి మరల చూడవలెను.

రెండవది వేడి. మే మాసమున రెంటచింతల, రామగుండము వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. పెక్కు ఫోనులు చుట్టునున్న వేడి 35 డిగ్రీల లోపున ఉండగా వాడుటకు నిర్మింపబడినవి. ట్రాక్టరుపై ఎండలో ఉంచిన ఫోను, చార్జింగులో ఉండగా సినిమా చూచిన ఫోను కాగిపోయి తన్ను తాను కాపాడుకొనుటకు దీపమును ఆపివేయును. అట్టి ఫోనును పై తొడుగు తీసి, నీడలో, గాలి తగులునట్లు కొంతసేపు ఉంచవలెను. త్వరగా చల్లబడునని మంచుపెట్టెలోనో, నీటికుండపైనో ఉంచరాదు. లోపల తేమ పేరుకొని క్రొత్త చిక్కు తెచ్చును.

మూడవది యాప్‌లు. ఒక యాప్ కెమెరాను వాడుచుండగా టార్చి వెలుగకపోవచ్చును. తెరచియున్న యాప్‌లన్నిటిని మూసి, ఫోనును ఒకమారు ఆపి మరల ప్రారంభింపవలెను. పెక్కు చిక్కులు దీనితోనే తొలగిపోవును. తొలగనిచో సెట్టింగులలో యాప్‌ల జాబితా తెరచి, కెమెరాను ఎన్నుకొని, స్టోరేజి భాగమున ‘క్లియర్ కాష్’ అనుదానిని తాకవలెను. ఇందువలన మీ ఫొటోలు పోవు. ఫోను తయారీదారు విడుదల చేసిన సవరణలున్నచో వానిని కూడ వేసికొనవలెను.

క్రొత్తగా ఏదైన యాప్ వేసికొన్న పిమ్మటనే ఈ లోపము కనబడినచో దానిని తీసివేసి చూడుడు. ముఖ్యముగా టార్చి కొరకు వేరొక యాప్ అవసరము లేదు. ఆ సదుపాయము ఫోనులోనే కలదు. వినియోగదారులకు తెలియకుండ వారి సంచార వివరములను ప్రకటనదారులకు చేరవేసినదని ఒక టార్చి యాప్‌పై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో చర్య తీసికొన్నది. దీపము వెలిగించుటకు మీ బంధుమిత్రుల ఫోను నంబర్లు ఎందుకని ప్రశ్నించుకొన్నచో మోసము తేటపడును.

ఇంకొక సంగతి. ఫోను మ్రోగినపుడెల్ల దీపము దానంతటది మినుకుమినుకుమనుట కొందరికి కంగారు కలిగించుచున్నది. చెవులు సరిగా వినబడనివారి సౌకర్యమునకై ఏర్పరచిన అమరిక అది. సెట్టింగులలోని యాక్సెసిబిలిటీ భాగమున దానిని ఆపివేయవచ్చును.

దీపము వెలిగినను బొమ్మ బాగుండనిచో

ఫొటో అంతయు పొగమంచు పట్టినట్లున్నచో కెమెరా అద్దమును, దీపమును మెత్తని పొడిబట్టతో తుడువవలెను. వ్రేలి జిడ్డు, దుమ్ము, పిండి వెలుగును చెదరగొట్టును. అప్పటికిని బాగుపడనిచో పై తొడుగు తీసి ఒక ఫొటో తీయవలెను. తొడుగు అంచు దీపమునకు అడ్డువచ్చి, వెలుగు తిరిగి కెమెరాలోనికే కొట్టుచుండవచ్చును.

దూరమును కూడ గమనింపవలెను. వెలుగు దూరముతో వేగముగా క్షీణించును. ఒక మీటరు దూరమున పడు వెలుగులో రెండు మీటర్ల వద్ద నాలుగవ వంతు, నాలుగు మీటర్ల వద్ద పదునారవ వంతు మాత్రమే పడును. ఇరువది మీటర్ల దూరముననున్న బుర్రకథ వేదికపై పడునది నాలుగువందలవ వంతు. అనగా ఏమియు పడదనియే చెప్పవచ్చును. ముందు కూర్చున్నవారి తలలు మాత్రము తెల్లగా మెరయును. అట్టిచోట ఫ్లాష్ ఆపి, వేదిక దీపముల వెలుగులోనే తీయుట మేలు.

పాసుపుస్తకము, నునుపు పూత వేసిన కార్డు వంటివానిపై ఫ్లాష్ పడినచో నడుమ తెల్లని మచ్చ ఏర్పడి అక్షరములు కనబడవు. వానిని పగటివేళ కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండ తీయవలెను. తెగులు సోకిన ఆకును గూడ నీడలో, పగటివెలుతురున తీయుట ఉత్తమము. ఫ్లాష్ వెలుగున మచ్చల రంగు మారి, మంచుబిందువులు మెరసి, చూచు అధికారి పొరబడవచ్చును. మొక్క మొత్తము ఒక ఫొటో, ఆకు పైభాగము ఒకటి, అడుగుభాగము ఒకటి పంపినచో సలహా సరిగా లభించును.

నీటిలో పడినచో

వానకు తడిసిన పిమ్మట గాని, కాలువలో పడిన పిమ్మట గాని దీపము ఆగినచో ఫోనును వెంటనే ఆపివేయవలెను, చార్జింగు పెట్టరాదు. బియ్యపు డబ్బాలో పాతిపెట్టు అలవాటు మన ఇండ్లలో కలదు. నూకలు, తవుడు ఫోను రంధ్రములలో చేరి హాని చేయవచ్చును. ఈ పద్ధతి కూడదని ఆపిల్ సంస్థ సైతము 2024లో తన వినియోగదారులకు సలహా ఇచ్చినది. చార్జింగు రంధ్రము క్రిందివైపు ఉండునట్లు పట్టుకొని నెమ్మదిగా తట్టి, నీరు కారిన పిమ్మట గాలి ఆడు పొడిచోట ఉంచవలెను. పొయ్యి దగ్గర పెట్టరాదు.

ఫోను వెనుకభాగము ఉబ్బియున్నచో అది బ్యాటరీ చెడిన గుర్తు. దానిని నొక్కుట, గ్రుచ్చుట, చార్జింగు చేయుట నిప్పుతో చెలగాటము. వాడుట మాని, వెంటనే నిపుణునికి చూపవలెను.

మరమ్మతునకు ఇచ్చునపుడు

పై పరీక్షలన్నియు చేసినను టార్చి వెలుగనిచో దీపము గాని, దాని తీగ గాని చెడియుండవచ్చును. ఇది నేలపై పడిన ఫోనులలో తరచుగా కలుగును. హామీ గడువు మిగిలియున్నచో రసీదుతో తయారీదారు అంగీకరించిన కేంద్రమునకే పోవలెను. బయట విప్పించినచో హామీ పోవచ్చును. ఇచ్చుటకు ముందు ఫొటోలను, నంబర్లను వేరొకచోట భద్రపరచి, సిమ్మును, మెమరీ కార్డును తీసికొనవలెను. డబ్బు చెల్లింపు యాప్ రహస్య సంఖ్యను ఎవ్వరికిని చెప్పరాదు. దీపము బాగుచేయుటకు దానితో పనిలేదు. ఖర్చు ఎంతయగునో ముందుగా కాగితముపై వ్రాయించుకొనవలెను. అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరునకు తెలుపవచ్చును.

ఫోను దీపము ఎంత బాగున్నను అది బ్యాటరీపై ఆధారపడినది. ఆపదలో పిలుపునకు అవసరమగు శక్తిని అదే దీపము త్రాగివేయును. కనుక చీకటి దారిన పోవువారు వేరుగా ఒక చేతి టార్చిని, కాలికి బూట్లను, చేత కర్రను ఉంచుకొనుట శ్రేయస్కరము. ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను పాము కాటు వేసినచో గాయమును కోయక, బిగించి కట్టక, 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. ఆ ఒక్క పిలుపునకైనను ఫోనులో శక్తి మిగిలియుండునట్లు చూచుకొనుట ప్రతి కుటుంబము అలవరచుకొనవలసిన జాగ్రత్త.