నీరున్న చోటే మజిలీ

1858లో అమెరికాలో జాన్ బటర్‌ఫీల్డ్ అనే ఆయన టపా బండ్లు నడపసాగాడు. మిసిసిపీ నదీ ప్రాంతం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 25 రోజుల్లో ఉత్తరాలు చేర్చాలని ఒప్పందం. దూరం సుమారు 4,500 కిలోమీటర్లు. లెక్క వేయండి. రాత్రింబవళ్లు నడిస్తే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. మనం వడిగా నడిచేదానికన్నా కాస్త ఎక్కువ, అంతే! కాని ఏ గుర్రమూ అన్ని రోజులు ఆగకుండా లాగలేదు. అందుకే బండి సాగుతూనే ఉంటుంది, పశువులు మారతాయి. అవి మారే చోటే మజిలీ.

మరి ఎడారిలో మజిలీ ఎక్కడ పెట్టాలి? దక్షిణ కాలిఫోర్నియాలోని వాయెసీటోను చూడండి. కొలరాడో నది దాటి, ఇసుక ఎడారిలో పడి వచ్చే పశువులకు మంచి నీరు, పచ్చగడ్డి దొరికే చోటది. గుర్రం కూడా మనలాగే చెమట పోసి ఒళ్లు చల్లబరచుకుంటుంది. ఎండలో బండి లాగేదానికి రోజుకు నలభై లీటర్లైనా కావాలి. అంత నీరు బండిలో మోసుకుపోవడం అయ్యే పనేనా?

ఇల్లు కట్టడానికి అక్కడ పెద్ద కలప దొరకదు. ఊటనేలలో గడ్డివేళ్లు అల్లుకున్న మట్టిని పెళ్లలుగా కోసి, ఎండబెట్టి గోడలు లేపారు. మన పల్లెల్లో గోడమట్టిలో వరిగడ్డి వేసి తొక్కుతారు కదా, ఆ పని అక్కడ వేళ్లే చేశాయి. మట్టి ఎండి కుంచించుకుపోయేటప్పుడు విడిపోకుండా పట్టి ఉంచాయి.

1861లో అంతర్యుద్ధం వచ్చి టపాదారి ఉత్తరానికి మారింది. ఆలనాపాలనా లేక ఇల్లు శిథిలమైంది. 1934లో తిరిగి కట్టారు. ఇప్పుడది శాన్‌డియేగో కౌంటీ, అంటే మన జిల్లా వంటిది, నడిపే ఉద్యానవనం. జనం గుడారాలు వేసుకుని రాత్రి ఉండవచ్చు. ఎండలు ముదిరే వేసవి నెలల్లో మాత్రం మూసివేస్తారు.