అవటు గ్రంథి - రక్తపరీక్షా పత్రం

మూడేండ్ల క్రిందట తరగతిలో తరచు కునుకుపాట్లు పడే ఒక విద్యార్థినిని బద్ధకస్తురాలవని మందలించిన వారిలో మేమూ ఉన్నాము. కొన్నాళ్లకు ఆమె రక్తపరీక్షా పత్రం మా కంటబడింది. టి.ఎస్.హెచ్. 38 అని ఉన్నది. "మా అమ్మాయికి థైరాయిడ్ బాగా ఎక్కువైందట" అని తల్లిగారు వాపోయినారు. నిజమునకు అక్కడ ఎక్కువైనది టి.ఎస్.హెచ్.; థైరాయిడ్ పని క్షీణించి ఉన్నది.

కంఠం ముందు భాగాన ఉండే ఈ గ్రంథిని తెలుగులో అవటు గ్రంథి అంటారు. ఇది స్రవించే థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుండుటచే దానికి టి-4 అని పేరు. కణజాలంలో ఒక అయోడిన్ తొలగగా అది మరింత చురుకైన టి-3 అవుతుంది. గుండె వేగమూ, ఒంటి వేడిమీ, మనస్సు చురుకుదనమూ వీటిపై ఆధారపడి ఉంటాయి. టి.ఎస్.హెచ్. మాత్రం మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి పంపే తాఖీదు. థైరాక్సిన్ తగ్గినకొద్దీ తాఖీదులు జోరందుకుంటాయి, హెచ్చితే సన్నగిల్లుతాయి. టి-4 కొంచెం తగ్గినా టి.ఎస్.హెచ్. అనేక రెట్లు పెరుగుతుంది గనుకనే వైద్యులు మొదట దానిని చూస్తారు.

ఇంతటి సూక్ష్మ పరిమాణాలను కొలిచే మార్గమును రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ కనుగొన్నారు. 1977లో యాలోకు నోబెల్ బహుమతి లభించింది. బెర్సన్ 1972లోనే కన్నుమూసినారు.

పెద్దలలో టి.ఎస్.హెచ్. లీటరుకు సుమారు 0.4 నుండి 4 మిల్లీ యూనిట్ల వరకు ఉండవచ్చును. ఈ హద్దులు ప్రయోగశాలను బట్టి కొంత మారుతాయి, గర్భవతులకు వేరు. అది హెచ్చి టి-4 తగ్గితే గ్రంథి మందగించినట్లు. అది హెచ్చినా టి-4 సరిగా ఉంటే, తొందరపడక కొన్ని వారాల పిదప మరల పరీక్షించుట మేలు. టి-4 తగ్గినా టి.ఎస్.హెచ్. పెరగకుంటే పీయూష గ్రంథినే శంకించవలసి ఉంటుంది.

మా విద్యార్థిని కథ అంతటితో ముగియలేదు. మాత్రలతో అంకె 2కు దిగగానే నయమైందని తలచి ఆమె మందు మానివేసినది. ఆ అంకె మాత్ర పుణ్యమేనని ఆమెకెవరూ చెప్పలేదు. ఆరు నెలలకు మరల మొదటికి వచ్చింది. థైరాక్సిన్ రక్తంలో సగమగుటకు దాదాపు వారం పడుతుంది. కనుకనే మోతాదు మార్చిన ఆరు, ఎనిమిది వారాలకు గాని పరీక్ష నిజం చెప్పదు.

మరొక సంగతి. జుట్టుకు మంచిదని వాడే బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షా పద్ధతులను తారుమారు చేస్తాయి. రక్తమిచ్చుటకు ముందే ఆ మాట వైద్యునికి చెప్పాలి. రంజాన్ ఉపవాసాలలో థైరాక్సిన్ మాత్ర వేళను కూడా ఆయనను అడిగి మార్చుకోవచ్చును.