వార్తల్లో పదం: ఉమ్మనీటి పరీక్ష

రక్త పరీక్షలో ‘హై రిస్క్’ వచ్చిందనో, స్కానింగ్‌లో ఏదో తేడా కనబడిందనో డాక్టరు చెప్పాక, ఆ వెంటనే వినిపించే మాట ఇది. వైద్యుల భాషలో ఆమ్నియోసెంటెసిస్. స్కానింగ్‌లో చూస్తూ పొట్ట మీదుగా సన్నని సూది దించి, బిడ్డ చుట్టూ ఉన్న ఉమ్మనీరు కొద్దిగా తీస్తారు. అందులోని బిడ్డ కణాలను పరిశీలిస్తే డౌన్ సిండ్రోమ్, తలసీమియా లాంటివి తెలుస్తాయి. 15 వారాలు నిండాకే చేస్తారు. మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్ అయితే 11-14 వారాల మధ్యే.

‘హై రిస్క్’ అంటే జబ్బు ఉందని కాదు. రిపోర్టులో 100కు 1 అని ఉంటే, అలాంటి వందమంది తల్లుల్లో 99 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీ కూడా వడపోతే. తేల్చి చెప్పేది సూది పరీక్షే. దానివల్ల గర్భం పోయే ప్రమాదం తక్కువే, వెయ్యికి ఒకటి నుంచి ఐదు దాకా చెబుతారు. దంపతులిద్దరూ తలసీమియా వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ ముప్పు 25 శాతం. వాళ్ల లెక్క వేరు.

ఏం తేలినా బిడ్డను కంటామనేవాళ్లు పరీక్ష వద్దనవచ్చు. ముందే తెలిస్తే సిద్ధపడొచ్చని చేయించుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ సబబే. అత్తింటివాళ్ల ఓటు మాత్రం ఇందులో చెల్లదు: 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం గర్భిణి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి, అదీ ఆమెకు అర్థమయ్యే భాషలో. ఆ కాగితం తెలుగులో ఇమ్మని అడగండి. ఒక ప్రతి మీకివ్వాలి కూడా.