900 దగ్గర ముల్లు పెట్టి చూడండి

ఈ వారం గూటి ధరలు, ఆకు తెగుళ్ల మాట కాస్త పక్కన పెట్టి రేడియో గురించి రాస్తున్నాం. మన పనికి సంబంధం లేని సంగతి అనుకోవద్దు.

నాలుగో జ్వరం లేచినప్పటి నుంచి పండిన పురుగును చంద్రికకు ఎక్కించే దాకా వారం రోజుల పాటు మన చేతులు ఖాళీగా ఉండవు. కొమ్మలు కోయాలి, మోయాలి, పరచాలి. రాత్రి మేత వేసి నడుం వాల్చేలోగానే తెల్లారి మేత గుర్తొస్తుంది. చేతినిండా ఆకు పసరు, కళ్ళేమో స్టాండు మీద. ఖాళీగా ఉండేవి చెవులు మాత్రమే. అందుకే చానా షెడ్లలో గుంజకు ఒక రేడియో వేలాడుతూ ఉండేది. దాన్ని పొద్దున ఒకసారి తిప్పి వదిలేస్తే చాలు, చేయి కడుక్కొని మళ్ళీ మళ్ళీ తాకాల్సిన పని లేదు.

ఆ రేడియోలో మనం విన్నది ఎక్కువగా మీడియం వేవ్. ఏఎం అన్నా అదే. గత కొన్నేళ్లుగా ఆకాశవాణి ఈ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దేశంలో చాలా చోట్ల ఒక్కొక్కటిగా ఆపేస్తోంది. కొన్నిచోట్ల కార్యక్రమాలు ఎఫ్‌ఎం మీదికి మారాయి. స్టేషన్ పేరు అదే, చదివే గొంతు కూడా అదే. అందుకని అందరూ "ఏం పోయింది, ఎఫ్‌ఎంలో వస్తోంది కదా" అంటారు. ఊళ్ళో ఉన్నవాడికి ఏమీ పోలేదు. హద్దు అవతల ఉన్న మనకు పోయింది. ఎట్లా పోయిందో చెప్తాం.

మీడియం వేవ్ తరంగం నేలను పట్టుకొని పాకుతూ పోతుంది. గుట్ట అడ్డొచ్చినా వంగి దాటుకుంటుంది. చీకటి పడ్డాక ఆకాశంలో పైపొరలకు తగిలి వెనక్కి వచ్చి, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. రాత్రిపూట ముల్లు తిప్పితే యాడెక్కడి భాషలో వినిపించేది ఇందుకే. ఎఫ్‌ఎం అట్లా కాదు. అది టార్చిలైటు మాదిరి. ఎదురుగా కనిపించినంత దూరం బాగా పడుతుంది, గుట్ట వెనక చీకటి.

ఇప్పుడు మన ఊళ్ళను మనసులో పెట్టుకోండి. చింతామణి, శ్రీనివాసపురం వైపు వాళ్ళకు కడప కేంద్రం గాలి దారిలో సుమారు 150 కిలోమీటర్లు. మధ్యలో కొండల వరసలు ఉన్నాయి. కడప ఎఫ్‌ఎం ఆ కొండలు దాటి రాదు. 900 కిలోహెర్ట్జ్ మీద కడప మీడియం వేవ్ వచ్చేది. కోరాపుట్ వైపు మనవాళ్ళకూ విశాఖపట్నానికీ మధ్య తూర్పు కనుమలు. అక్కడ 927 దిక్కు. షోలాపూర్‌లో తరతరాలుగా ఉన్న మన నేతవాళ్ళ ఇళ్ళకు హైదరాబాద్ 738 రాత్రిపూట చేరేది. యానాంకు విజయవాడ 837. హొసూరు, డెంకణికోట వాళ్ళకు బెంగళూరు 612 పక్కింటి గొంతు కిందే లెక్క. అది కన్నడం, అయినా మనకు అర్థం కానిదేం కాదు.

ఇంకో సంగతి. మన ప్రాంతాల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో. తెలుగు అక్షరం రాని తెలుగువాళ్ళు మనలో సగానికి సగం ఉంటారు. ఈ ఉత్తరాన్ని కూడా చానా మంది పక్కవాళ్ళ చేత చదివించుకొని వింటున్నారు. అలాంటి వాళ్ళకు వ్యవసాయం మాట, వానల కబురు, వార్త తెలుగులో అందింది చెవి దారినే. పుస్తకం, పేపరు ఆ పని చేయలేదు. హద్దు గీతను, గుట్టను రెండింటినీ దాటుకొని వచ్చింది మీడియం వేవ్ ఒక్కటే.

రేడియో రైతుకు ఏం చేసిందని అడిగే కుర్రవాళ్ళకు రెండు సంగతులు. 1956లో పూనా చుట్టుపక్కల జిల్లాల్లో సుమారు 150 ఊళ్ళలో రైతులు గుంపుగా కూర్చొని ఒక కార్యక్రమం వినేవాళ్ళు. విన్నాక చర్చించుకొని, తమ ప్రశ్నలను రాసి స్టేషన్‌కు పంపేవాళ్ళు. రేడియో రూరల్ ఫోరం అన్నారు దాన్ని. వినడం ఒక్కటే కాదు, ఎదురు ప్రశ్న వేయడం అందులో సగం. 1959 నుంచి దాన్ని దేశమంతటికీ విస్తరించారు. రెండోది తంజావూరు సంగతి. 1960ల్లో ఏడీటీ 27 అనే కొత్త వరి రకం వచ్చినప్పుడు, దాని గురించి రేడియోలో విని సాగు చేసిన రైతులు దానికి 'రేడియో వరి' అని పేరు పెట్టేశారు. విత్తనం ఇచ్చిన ఆఫీసు పేరు రాలేదు, కబురు తెచ్చిన పెట్టె పేరు వచ్చింది. ఆ కాలంలోనే, 1966లో, ఆకాశవాణి కొన్ని కేంద్రాల్లో వ్యవసాయ విభాగాలు ప్రత్యేకంగా మొదలుపెట్టింది. మీలో పెద్దవాళ్ళు సాయంత్రం విన్న వ్యవసాయ కార్యక్రమాలకు మూలం అదే.

మరి ఎందుకు ఆపుతున్నారు? కారణాలు ఊరికే చెప్పినవి కావు. అది ఒప్పుకోవాలి.

మీడియం వేవ్‌కు కావలసింది చిన్న కమ్మీ కాదు. 900 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 333 మీటర్లు. బాగా పనిచేయాలంటే స్తంభం అందులో నాలుగో వంతు, అంటే 83 మీటర్ల దాకా లేవాలి. బెంగళూరు 612కి లెక్క వేస్తే 120 మీటర్లు దాటుతుంది. స్తంభం కింద నేలలో చుట్టూ చక్రం ఆకుల మాదిరి రాగి తీగలు పాతాలి. దానికి ఎకరాలకెకరాల భూమి కావాలి. ఊరు పెరిగి ఆ భూమి పక్కకు వచ్చాక దాని విలువ ఎంతో చెప్పనక్కర లేదు. 100, 200 కిలోవాట్లు గాలిలోకి పంపే పాత యంత్రం కరెంటు అంతకంటే చానా ఎక్కువ మింగుతుంది. దాని విడిభాగాలు దొరకడం కష్టం. దాన్ని చెవితో విని రోగం చెప్పగల ఇంజనీర్లు రిటైర్ అవుతున్నారు, ఆ జాగాల్లోకి కొత్తవాళ్ళు ఆ లెక్కన రావడం లేదు.

వినే పక్క కూడా అదే కథ. ఫోన్లలో మీడియం వేవ్ ఉండదు. దానికి లోపల ఫెర్రైట్ కడ్డీ కావాలి, ఫోన్‌లో అంత చోటు లేదు, పైగా ఫోన్ లోపలి గోలే దాన్ని చెడగొడుతుంది. ఇంట్లోకి ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు వచ్చాక గాలిలో బుర్రుమనే రొద పెరిగింది. రేడియో చెడిపోయింది అనుకొని అటక మీద పెట్టేసిన వాళ్ళలో చానా మంది రేడియోలు బాగానే ఉన్నాయి. చెడింది చుట్టూ ఉన్న గాలి.

ఇట్లా వినేవాళ్ళు తగ్గారు, తగ్గారు కాబట్టి ఖర్చు దండగ అన్నారు, ఖర్చు తగ్గించాక శబ్దం ఇంకా పల్చనైంది, అప్పుడు ఉన్నవాళ్ళూ పోయారు. ఇందులో మా అనుమానం ఒకటుంది. వినేవాళ్ళను లెక్కపెట్టేటప్పుడు కడప స్టేషన్‌కు కడప చుట్టుపక్కల వాళ్ళే శ్రోతలు. చింతామణిలో 900 వినే ముసలాయన ఏ లెక్కలోకి వస్తాడు? కర్ణాటక లెక్కలో ఆయన తెలుగు వినేవాడు, ఆంధ్ర లెక్కలో పరాయి రాష్ట్రం వాడు.

బదులుగా ఇస్తున్నది ఎఫ్‌ఎం. 2023 జనవరిలో కేంద్రం ప్రసార భారతి కోసం 2,539 కోట్ల రూపాయల పథకానికి ఒప్పుకుంది. ఆకాశవాణి ఎఫ్‌ఎం దేశ జనాభాలో 68 శాతానికి అందుతుండగా దాన్ని 80 శాతానికి, విస్తీర్ణంలో 59 నుంచి 66 శాతానికి పెంచడం అందులో ఒక లక్ష్యం. అదే ఏడాది ఏప్రిల్ 28న ఒకేసారి 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు మొదలుపెట్టారు. మంచిదే, మేం కాదనడం లేదు. ఎఫ్‌ఎం పాట తేటగా వినిపిస్తుంది. కానీ అవి ఒక్కొక్కటి 100 వాట్లవి. పథకం మొత్తం నెరవేరినా నేలలో మూడో వంతుకు ఎఫ్‌ఎం ఉండదు. ఆ మూడో వంతు ఎక్కడ ఉంటుంది? గుట్టల్లో, అడవి పక్కన, రాష్ట్రాల హద్దుల్లో. మన తోటలు ఉన్నది కూడా అక్కడే. పైగా ఏ రాష్ట్రంలో పెట్టిన ఎఫ్‌ఎం ఆ రాష్ట్రం భాషే మాట్లాడుతుంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు, మన తెలుగు మాత్రం గుట్ట అవతలే ఆగిపోతుంది.

డీఆర్‌ఎం అని డిజిటల్ పద్ధతి ఒకటి ఉంది. మీడియం వేవ్ దూరమే పోతుంది, శబ్దం ఎఫ్‌ఎం మాదిరి వస్తుంది, కరెంటు తక్కువ. ఆకాశవాణి 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దానికి సిద్ధం చేసింది. కొత్త కార్లు కొన్నింటిలో ఆ రేడియో ఉంటోంది. షెడ్డులో గుంజకు వేలాడదీసే ధరలో ఆ పెట్టె మన సంతకు రాలేదు. పెట్టె రాకుండా ట్రాన్స్‌మిటర్ ఎంత గొప్పదైతే ఏం?

వేరే దేశాల్లోనూ ఇదే నడుస్తోంది. జర్మనీ ప్రభుత్వ రేడియోలు 2015 చివరికి మీడియం వేవ్ మూసేశాయి. అమెరికాలో విద్యుత్ కార్ల మోటారు రొద వల్ల కొన్ని కంపెనీలు ఏఎం తీసేయబోతే, ప్రమాద సమయంలో ఊరికి కబురు చెప్పేది అదేనని గొడవ లేచి, ప్రతి కారులో ఏఎం ఉండాలంటూ 2023లో అక్కడి పార్లమెంటులో బిల్లు పెట్టారు. ఆ ప్రమాదం మాట యానాం వాళ్ళకు, ఒడిశా తీరం వాళ్ళకు విడమరచి చెప్పనక్కర లేదు. 1996 నవంబరు తుపానును, 1999 ఒడిశా తుపానును, 2014 హుద్‌హుద్‌ను చూసినవాళ్ళు వాళ్ళు. టవరు పడ్డాక ఫోన్ ఇటుకతో సమానం. తుపాను దారికి దూరంగా ఉన్న స్టేషన్‌ను రెండు సెల్లుల రేడియో పట్టుకోగలదు.

ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసుకుంటే ఆకాశవాణి కేంద్రాలు రెండు వందలకు పైగా వస్తాయి, కడప, విశాఖ కూడా. సిగ్నల్, డేటా ఉన్నవాళ్ళు వేసుకోండి, బాగుంటుంది. యూట్యూబ్‌లోనూ పట్టు సాగు వీడియోలు బోలెడు. అయితే అందులో ఎవరు తెలిసినవాళ్ళు, ఎవరు మందు అమ్ముకునేవాళ్ళు అని తేల్చుకునే భారం మన మీదే పడుతుంది. రేడియోలో మాట్లాడినాయన పేరు, హోదా ముందే చెప్పేవాళ్ళు. తప్పు చెప్తే ఉత్తరం రాయడానికి ఒక అడ్రసు ఉండేది.

ఇంగ మన చేతిలో ఉన్నదేంటి? కోలారు జిల్లా బూదికోట వాళ్ళకు ఇది పాత కథే. హైదర్ అలీ పుట్టిన ఊరుగా చెప్పుకునే ఆ బూదికోటలో 2000ల మొదట్లో 'నమ్మ ధ్వని' నడిచింది. అప్పటికి పల్లెవాళ్ళకు గాలిలో ప్రసారం చేసుకొనే అనుమతి లేదు. వాళ్ళు ఊరుకోలేదు. టీవీ కేబుల్ తీగలోనే తమ మాటల కార్యక్రమాలు పంపించి ఇంటింటికీ వినిపించారు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళే అందులో ముందున్నారు. 2006లో కేంద్రం నియమం మార్చి స్వచ్ఛంద సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలిచ్చింది. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో మొదలైంది. దళిత మహిళలు నడిపే స్టేషన్ అది. అక్కడి తెలుగు ఆ పల్లెల తెలుగే, ఎవరూ దిద్దరు.

కమ్యూనిటీ రేడియో బలం 100 వాట్లే, పది కిలోమీటర్లు దాటడం కష్టం. అది 900కు సాటి రాదు, మేం అట్లా చెప్పబోవడం లేదు. సొంతంగా వార్తలు చదవడానికి కూడా వీల్లేదు. కానీ గుట్టకు ఇవతల పుట్టేది కాబట్టి గుట్ట బాధ లేదు. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడుకున్నా అడిగేవాళ్ళు లేరు. మీ తాలూకాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే, తర్వాతి రైతు సమావేశంలో ఈ ప్రశ్న అడగండి: రేడియోకు దరఖాస్తు పెడతారా, పెడితే పట్టు రైతుకు వారానికి ఎన్ని గంటలు ఇస్తారు?

అటక మీద రేడియో ఉన్నవాళ్ళు దించండి. షెడ్డులో ఇన్వర్టర్‌కు, కూలర్ మోటారుకు, ఎల్‌ఈడీ ట్యూబుకు దూరంగా పెట్టండి. బుర్రుమంటే పెట్టెను మెల్లగా తిప్పండి. లోపలి కడ్డీ ఒక దిక్కు బాగా వింటుంది, ఒక దిక్కు అసలు వినదు, రొద వచ్చే పక్కకు ఆ వినని దిక్కు పడితే సగం గోల తగ్గుతుంది. ఇంకా పల్చగా ఉంటే పెట్టె చుట్టూ తొడుగున్న తీగ పది చుట్లు చుట్టి, కొసను చెట్టుకు కట్టండి. కరెంటు తీగల పక్కకు మాత్రం పోనీయవద్దు.

ఈ పదిహేను రోజుల్లో ఒకసారి పగలు 10 గంటలకు, ఒకసారి రాత్రి 8 గంటలకు 612, 738, 837, 900, 927 దగ్గర ముల్లు పెట్టి చూడండి. ఊరు, తేదీ, టైము, ఏం వినిపించింది, తేటగానా పల్చగానా, ఏమీ రాలేదా, ఇంతే చెప్పి మాకు వాయిస్ మెసేజ్ పంపండి. తెలుగు రాయడం రాకపోయినా పరవాలేదు, మాటే చాలు. "ఏమీ రాలేదు" అన్నది కూడా మాకు కావాలి. ఊరువారీగా పట్టిక కట్టి, ఆ కేంద్రాలకూ ప్రసార భారతికీ పంపుతాం. అవే వివరాలు వచ్చే నెల ఇక్కడ కూడా వేస్తాం. ఐదో దశలో పురుగు ఉన్నవాళ్ళు రాత్రి మేత అప్పుడు చూస్తే సరిపోతుంది, ఎట్లాగూ మేలుకొనే ఉంటారు.