దాచిన పాస్‌వర్డ్ పనిచేయనప్పుడు

కార్యాలయ ఉత్తర ప్రత్యుత్తరాలు కాగితం నుండి కంప్యూటరుకు మారిన నాటి నుండి తోటి ఉద్యోగులు మాతో తరచుగా ప్రస్తావించే ఇబ్బంది ఒకటున్నది. పాస్‌వర్డ్‌ను గుర్తుంచుకొమ్మని ఈ-మెయిల్ ప్రోగ్రాముకు ఒకసారి చెప్పినా, అది మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటుంది. వినడానికి ఇది చిన్న విషయమే. కాని గడువులోగా పంపవలసిన జవాబు ఆ కారణంగా నిలిచిపోతే నష్టం చిన్నది కాదు. 2004 డిసెంబరులో తొలి పూర్తి సంచిక వెలువడి, నేటికీ ఉచితంగా లభిస్తున్న థండర్‌బర్డ్‌ను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించదలచాము.

మనం దాచిన పాస్‌వర్డ్ మన కంప్యూటరులోనే ఉంటుంది. లాగిన్స్.జేసన్ అనే ఫైలులో అది గూఢలిపిలో నిలుస్తుంది. ఆ లిపిని విప్పే తాళపుచెవి కీ4.డీబీ అనే మరొక ఫైలులో ఉంటుంది. కొత్త కంప్యూటరుకు మారేటప్పుడు ఈ రెండింటినీ కలిపి తీసుకువెళ్ళాలి. ఒకటి లేనిదే రెండవది నిరుపయోగం.

సర్వర్ అంగీకరించే పాస్‌వర్డే ప్రమాణం. మన వద్దనున్నది దాని ప్రతి మాత్రమే. పాస్‌వర్డ్‌ను వేరొకచోట మార్చినంత మాత్రాన ఈ ప్రతి మారదు. పైగా ఉత్తరాలను తెచ్చే సర్వరుకు, పంపే సర్వరుకు పద్దులు వేర్వేరుగా ఉంటాయి. ఉత్తరాలు వస్తున్నా వెళ్ళకపోవడానికి తరచుగా ఇదే కారణం. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగాన్ని తెరచి, సేవ్డ్ పాస్‌వర్డ్స్ జాబితాలో ఆ ఖాతాకు చెందిన రెండు పద్దులనూ తొలగించాలి. ప్రోగ్రామును మూసి, తిరిగి తెరచి, కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలి. పిమ్మట తమకు తామే ఒక ఉత్తరం పంపుకొని చూడడం మంచిది.

పాస్‌వర్డ్ సరియైనదే అయినా సర్వర్ నిరాకరించడం మరొక సమస్య. గూగుల్ 2022 మే 30 నుండి, మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరు 16 నుండి, వ్యక్తిగత ఖాతాలకు కేవలం పాస్‌వర్డ్‌తో ప్రవేశించే పాత పద్ధతిని నిలిపివేశాయి. ఇట్టి ఖాతాలకు సర్వర్ సెట్టింగ్స్‌లో ప్రవేశ విధానాన్ని ఓఆత్2గా మార్చుకోవాలి. రాకకు, పోకకు రెండుచోట్లా ఈ మార్పు అవసరం. అప్పుడు కంప్యూటరులో నిలిచేది పాస్‌వర్డ్ కాదు, ఒక అనుమతి పత్రం వంటిది. ఈ విధానానికి థండర్‌బర్డ్‌లో కుకీలను అనుమతించి ఉంచాలి.

ఇక భద్రత మాట. ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకొననిచో, పైన చెప్పిన రెండు ఫైళ్ళూ దొరికినవారికి మన పాస్‌వర్డ్‌లన్నీ దొరికినట్లే. అయితే ఆ ప్రైమరీ పాస్‌వర్డ్‌ను మరచిపోయినచో దానిని రద్దు చేయడం తప్ప మార్గం లేదు. దానితో దాచినవన్నీ చెరిగిపోతాయి. కనుక యంత్రం గుర్తుంచుకొన్నదని మనం మరచిపోవడం తగదు.

బదిలీపై వెళ్ళే ఉద్యోగి బీరువా తాళాలు, ఫైళ్ళ జాబితా అప్పగించి సంతకం తీసుకుంటాడు. కంప్యూటరులో దాచిన పాస్‌వర్డ్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. రేపు ఆ కుర్చీ నుండి వెళ్ళే ఉత్తరం అతని పేరుతోనే వెళ్ళవచ్చు. సంజాయిషీ కూడా అతనినే అడుగవచ్చు. అప్పగింతల పట్టికలో ఈ ఒక్క అంశాన్ని కూడా చేర్చుకొనవలసినదిగా తోటి ఉద్యోగులందరికీ మా మనవి.