మందుల కొట్టు - గృహిణులు



ఇంట నెవరికేని జ్వరము వచ్చినచో మనము ముందుగా పరుగెత్తునది వైద్యుని కడకు గాదు, వీధిమొగనున్న మందుల కొట్టునకు. కొల్లేటి లంకలలోని స్త్రీల సంగతి చెప్పనేల? ఏలూరు ఆసుపత్రికి పోవలెనన్న వారికొక దినపు కూలి పోవును. వరదనాళ్లలో త్రోవయు మునుగును. కావున మందులవాడే వారికి తొలివైద్యుడు. వారిని తప్పుపట్టుట సులభమే గాని న్యాయము గాదు.

అయినను ఇందొక యపాయము గలదు. మా యింటికి చేపలు తెచ్చు లంకయామె నిరుడు జ్వరమని యొక కొట్టులో నడుగగా, చీటీ లేకయే మూడు బిళ్లలు కత్తిరించి యిచ్చిరట. ఎన్నినాళ్లు వాడవలెనో యామె యడుగలేదు, వారును చెప్పలేదు. రెండు మ్రింగి, జ్వరము తగ్గెనని మూడవది కొడుకునకై కొంగున ముడివేసికొనెను. ఆ ముక్కను మాకు చూపగా దానిపై నెఱ్ఱగీత యుండెను. వైద్యుని చీటీ లేనిదే ఆ మందు వాడరాదని యా గీత కర్థము. క్షయమందులు, పెక్కు యాంటీబయాటిక్కులు గల హెచ్-1 పట్టిక 2014 మార్చి 1 నుండి అమలులో నున్నది. వానిని అమ్మినపుడు వైద్యుని పేరు, రోగి పేరు పుస్తకమున వ్రాసి 3 ఏండ్లు భద్రపరుపవలెను.

తాడేపల్లిగూడెమున మేము చూచినది వేఱు. మా యత్తగారికి రక్తపుపోటు గలదు. మోకాళ్లనొప్పికి బిళ్లలు కొనబోగా కొట్టులోని యువతి, "మామ్మగారూ, ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని యడిగెను. సంగతి విని, ఆ నొప్పిబిళ్లలు పోటును పెంచుననియు, మూత్రపిండములకు చెఱుపు చేయవచ్చుననియు చెప్పి, వైద్యుని నడిగి రమ్మని యమ్మకయే పంపెను. బేరము పోయినను ఆమె తన ధర్మము నెరవేర్చినది.

ఇది దయ మాత్రమే కాదు, విధి. 1948 నాటి ఫార్మసీ చట్టము చీటీ చూచి మందిచ్చు పనిని నమోదైన ఫార్మసిస్టులకే యొప్పగించినది. మందు వాడుకను, జాగ్రత్తలను రోగికి తెలుపుటయు వారి బాధ్యతయని 2015 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. రోగనిర్ణయము మాత్రము వారి పని గాదు.

ఇంగ్లండులో 2024 జనవరి 31 నుండి గొంతునొప్పి, చెవిపోటు, స్త్రీలకు వచ్చు మూత్రపుమంట మొదలగు 7 వ్యాధులకు ఫార్మసిస్టులే విచారించి మందిచ్చుచున్నారు. అయితే అచట రోగితో మాటలాడుటకు వేఱుగ గది యుండును. ఇచ్చిన మందు సంగతి వైద్యునికిని తెలుపుదురు. మన కొట్లలో పదిమంది వినుచుండగా మూత్రపుమంట యని యే స్త్రీ చెప్పగలదు? సిగ్గుచే భర్తనో కొడుకునో పంపుదుము. వారు సగము చెప్పుదురు. తగని మందు వచ్చును. మూల నొక తెర కట్టి, రెండు పీటలు వేయుట కొట్టువారికి భారమా?

అంతవరకు మనము చేయగల పని యొకటి గలదు. మందు చేత పుచ్చుకొనుచు అడుగుదము: ఎప్పుడు, ఎన్నినాళ్లు వాడవలెను? ఇదివరకటి మందులతో పొసగునా? గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు తగునా? సంతలో వంకాయను తిప్పి తిప్పి చూచి కొందుమే, బిడ్డ నోట వేయు మందును గూర్చి యొక్కమాట యడుగుటకు సిగ్గేల?