తిండి చుట్టూ నవ్వులు

సోమందేపల్లె: వాన కోసం ఎదురుచూసే మన మెట్టచేల సీమలో తిండి మీద పుట్టిన హాస్యమే నాకు ఎక్కువ నచ్చుతుంది. 1957 నాటి 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రిలో పుట్టినవారే. పెళ్లివారి వంటకాలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే ఘట్టం ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. లడ్డులు వాటంతటవే ఎస్.వి.రంగారావు నోట్లోకి ఎగిరి వస్తుంటే, బుడ్డల పంట ఎండిన ఏడాదైనా నవ్వు ఆగదు.

1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట' సంగతి వేరు. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారిగా కోట శ్రీనివాసరావు నవ్వించారు. ఆ పిసినారి ఉండీ తినడు, అందుకే ఆ నవ్వు పండింది. లేక తిననివాణ్ణి చూపి ఉంటే మన ఊళ్లలో ఎవరూ నవ్వేవారు కాదు.

టీవీలో 2001లో మొదలైన 'అమృతం' కూడా ఈ కోవలోదే. హోటలు నడపలేక స్నేహితులిద్దరూ పడే తిప్పలు అవి. వాళ్లు తమనే నవ్వులపాలు చేసుకుంటారు. 2013లో మొదలైన 'జబర్దస్త్'లో మాటల వేగం బాగుంటుంది గానీ, ఒళ్లు లావనీ, రంగు నలుపనీ ఆడిపోసుకోవడం నాకు మింగుడుపడదు. చేలో ఎండకు నల్లబడనిది ఎవరు? పిల్లలు బళ్లో ఆ మాటలే ఒకరినొకరు అనుకుంటున్నారు.